ఎక్కిళ్ళ కారు

ఈ కథ నాకు ఎవరూ చెప్పలేదు. మా అమ్మాయి హైమ పసితనంలో, వేసవి సెలవులకు విజయనగరంలోని మా అత్తవారింట ఉన్నప్పుడు విన్నాను. మా అత్తగారు మాణిక్యమ్మగారు భోజనాలయ్యాక మనవరాలిని డాబా మీద పక్కలో వేసుకొని చెప్పేవారు. అల్లుడు ఎదుట ఉంటే ఆవిడకు గొంతు పెగలదు. అందుచేత నేను మెట్ల మీదే, ఆవిడకు కనబడకుండా కూర్చునేవాణ్ణి. ఒకనాడు జారిపోయిన ముక్కను మరొకనాడు అతికించుకొని, వీలైనంతవరకు ఆవిడ మాటలలోనే ఇక్కడ ఉంచుతున్నాను.

అనగనగా ఒక ఊరు తల్లీ. ఆ ఊళ్ళో కార్లు బహు తక్కువ. ఉన్నవన్నీ ముసలివే. వాటికి దగ్గు పట్టినా, ఆయాసం వచ్చినా అప్పలాచారి షెడ్డుకే తోలుకొచ్చేవారు. ఆచారి తాతలు కొలిమి దగ్గర నాగళ్ళకు కర్రులు సాగదీసినవాళ్ళు. ఆయన కార్లలోకి దిగాడు. పాత కారుకు కావలసిన ముక్క బజారులో దొరక్కపోతే కొలిమి రాజేసి తానే చేసేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు, చిట్టి. పురిట్లోనే తల్లి పోయింది. ఆ పిల్లకు నిద్ర పట్టేది కాదు. మొదట ఆచారి ఉయ్యాల కట్టాడు. పడుకోలేదు. ఆ తర్వాత పొరుగింటి అవ్వ వచ్చి జోలపాట పాడింది. అవ్వ పడుకుంది గాని పిల్ల పడుకోలేదు. ఆ తర్వాత జాజికాయ అరగదీసి నాకించారు. పిల్ల చప్పరించి, ఇంకా కావాలని ఏడ్చింది.

అప్పుడు ఏం చేశాడు? ఒక పక్క పని ఆగిపోతోంది. జమీందారుగారి కారును షెడ్డు బయట గాలికి నిలిపి, పిల్లను వెనక సీట్లో పడుకోబెట్టి, ఇంజను తిప్పాడు. అది గడగడలాడింది. పిల్ల బెదిరింది. ఆచారి ఇంజను పక్కనున్న చిన్న మరను కొద్దిగా వదులు చేశాడు. చప్పుడు నెమ్మదించింది. ఇంకాస్త వదులు చేశాడు. టుక్కు... టుక్కు... టుక్కు... చిట్టి కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాత ఆయన చేతికి అదే అలవాటయింది. ఏ కారు బాగుచేసినా, ఆఖరున ఆ మరను చిట్టి నిద్రకు సరిపడేలా తిప్పి పంపేవాడు. డాక్టరుగారి కారు, మిల్లు షావుకారు కారు, జమీందారుగారి కారు, పాత ఇనుములో ఏరి తాను కట్టుకున్న సొంత కారు, అన్నీ ఒకే పాట పాడేవి.

చిట్టికి ఐదేళ్ళొచ్చాయి. ఒకనాడు తండ్రీకూతుళ్ళు తమ కారులో సంతకు వెళ్ళారు. ఆచారి ఇనప గొలుసులు బేరమాడుతున్నాడు. ఎండకు చిట్టికి కునుకొచ్చింది. దగ్గర్లోనే టుక్కు టుక్కుమని వినబడింది. మన కారే అనుకుంది. ఎక్కి, సీటు కింద ముడుచుకొని పడుకుంది. ఆ తర్వాత కారు కదిలి వెళ్ళిపోయింది.

ఆచారి వెనక్కి తిరిగి చూస్తే పిల్ల లేదు.

"ఏదో కారెక్కింది ఆచారీ. చప్పుడు విని నీదే అనుకున్నాను" అన్నాడు బెల్లం కొట్టువాడు.

అప్పుడు ఆచారి ఆ పాట పాడే కార్లన్నీ వెతకబోయాడు. డాక్టరుగారింటికి పరుగెత్తాడు. లేదు. మిల్లుకు వెళ్ళాడు. లేదు. జమీందారుగారి కారు సాలూరు దాటి, కొండమీది బంగళాకు వెళ్ళిందన్నారు. అది లోయల దారి. పిల్ల నిద్రలో లేచి తలుపు తీస్తేనో? ఆచారి తన కారులో కొండెక్కాడు. మలుపు మలుపుకూ దిగి, లోయలోకి తొంగి చూశాడు. ఏమీ కనబడకపోతే దేవుడికి దణ్ణం పెట్టి మళ్ళీ ఎక్కాడు.

బంగళా ముందు కారు ఆగి ఉంది. ఇంజను మాత్రం ఆగలేదు. డ్రైవరు సింహాద్రి మెట్ల మీద తల పట్టుకొని కూర్చున్నాడు.

"నీ గుంటా ఆచారీ ఈ పిల్ల? ఆపితే ఏడుపు. ఆపకపోతే పెట్రోలు అయిపోతంది. నానేటి సెయ్యాల?"

వెనక సీట్లో చిట్టి హాయిగా పడుకొని ఉంది. ఆచారి ఎత్తుకొని గుండెకు అదుముకున్నాడు. చిట్టి కళ్ళు నులుముకుంది.

"ఇది మన కారు కాదా నాన్నా? మన పాటే పాడింది కదా."

ఆచారి పిల్లను తన కారులోకి ఎక్కించాడు. ఊరి కార్లన్నిటికీ ఆ పాట నేర్పినవాడు తానేగా.

మర్నాడు ఆ పాట మాన్పిద్దామని, పనిముట్ల సంచీ పట్టుకొని బయలుదేరాడు. డాక్టరుగారి భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది. "అది వింటేనే మా చంటాడు పడుకునేది. ముట్టుకున్నావంటే రోజూ నువ్వే వచ్చి జోకొట్టాలి" అంది. మిల్లు షావుకారు, "వాకిట్లో ఆ చప్పుడు లేనిదే మా అమ్మకు కునుకు పట్టదయ్యా" అన్నాడు. సింహాద్రి మరీను. "దొరగారి మాట అలాగుంచు. నాను తొంగునేదీ దానికే కదేటి" అన్నాడు.

అప్పుడు ఆచారి ఇంటికొచ్చి ఆలోచించాడు. అందరి నిద్రా చెడగొట్టలేక, తన కారునే చెడగొట్టుకున్నాడు. ఒక ప్లగ్గు కొనను రవ్వంత వంచాడు. టుక్కు, టుక్కు, టుక్కు, హిక్కు.

"ఎక్కిలి ఉన్నదే మన కారమ్మా. ఎక్కిలి లేనిది ఎక్కకు" అని చెప్పాడు. చిట్టి బుద్ధిగా తలూపింది.

ఇక ఊరు ఊరుకుంటుందా? "ఊరి కార్లకు వైద్యం చేస్తావు, నీ కారు ఎక్కిళ్ళకు గుక్కెడు మంచినీళ్ళు పట్టలేవా ఆచారీ?" అనేవారు. ఒక పెద్దమనిషైతే, సొంత కారు బాగుచేసుకోలేనివాడికి తన కారెలా అప్పగిస్తానని, షెడ్డు దాకా వచ్చి వెనక్కి మళ్ళాడు. ఆచారి మాత్రం ఆ ప్లగ్గు సరిచేయలేదు.

"ఎవరో తలుచుకుంటున్నారులెండి" అని నవ్వేసేవాడు.

మా అత్తగారు ఇంతవరకే చెప్పేవారు. తక్కినది మా మామగారి వల్ల తెలిసింది. డాక్టరుగారి చంటాడు తానూ డాక్టరై, తండ్రి కుర్చీలోనే కూర్చున్నాడు. షావుకారు తల్లి నిండు వయసులో, నిద్రలోనే వెళ్ళిపోయింది. జమీందారుగారి కారు చేతులు మారి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. సింహాద్రి ముసలివాడై, పనేమీ లేకపోయినా వచ్చి ఆచారి షెడ్డులో కూర్చునేవాడు. అప్పలాచారిగారు మంచాన పడ్డాక, తన కారును కిటికీ అవతల తిప్పించుకొని వింటూ ఉండేవారు. అలా వింటూనే ఒక సాయంత్రం కన్నుమూశారు.

షెడ్డు ఆయన మేనల్లుడికి వచ్చింది. ఆ మేనల్లుడే మా మామగారు. పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన ఆ కారు బానెట్ ఎత్తి, "చిటికెలో పని. ఈ ఎక్కిలి తీసేస్తాను మాణిక్యం" అన్నారట.

చిన్ననాడు చిట్టి అని పిలిపించుకున్న మా అత్తగారు ఆయన చేతిలోని స్పానరు మీద చెయ్యి వేసి, "ఉండనీ బావా. ఎవరో తలుచుకుంటున్నారు" అన్నారట.

ఆవిడా ఇప్పుడు లేరు. కారు మా వాకిట్లో ఉంది. హైమ కొడుకు నిద్రకు మొండికేసినప్పుడు, హైమ వాడిని వెనక సీట్లో ఒళ్ళో వేసుకొని ఇంజను తిప్పమంటుంది. నేను తిప్పుతాను. కారు ఎక్కిళ్ళు పెడుతూ ఉంటే, తన అమ్మమ్మ గొంతుతోనే హైమ కథ ముగిస్తుంది:

కారు షెడ్డుకి, కథ కంచికి,
కునుకు కంటికి, చిట్టి పక్కకి,
ఎక్కిలి విని ఎక్కి, మనమింటికి.