గుర్రుచేపకి ఆరు వేళ్లు

ఒకప్పుడు గుర్రుచేప గుర్రుమనేది కాదు, నడిచేదీ కాదు. రెండు పక్కలా విసనకర్రల్లాంటి రెక్కలు చాపుకుని చలి సముద్రంలో రివ్వున ఈదేది. రొయ్య కనిపిస్తే చాలు, గుటుక్కు!

నేల అంచున, నీళ్ల అడుగున, ఇసక పరుచుకున్న పెద్ద అరుగు ఒకటి ఉంది. ఇంటి ముందు అరుగులాంటిదే, కాకపోతే ఎంతో పెద్దది. దాని అంచు దాటి జారితే మాత్రం అంతే సంగతులు. కిందంతా చీకటి లోయ. అందులో పడ్డ చిన్న చేప ఏదీ తిరిగి రాలేదు.

ఆ అరుగు మీద నూకరాజు అనే గుర్రుచేప, వాడి చెల్లి బంగారి ఉండేవాళ్లు. రోజుకోసారి అక్కడ లాగుడు వచ్చేది. నీళ్లన్నీ ఒక్కసారిగా అంచు వైపు పరిగెత్తేవి! అప్పుడు చేపలన్నీ నాచు కాడల్ని నోటితో కరిచి పట్టుకునేవి. బంగారి నోరు మరీ చిన్నది, కాడ పట్టేది కాదు. అందుకని నూకరాజు కాడని కరిచేవాడు, బంగారి వాడి తోకని కరిచేది.

తోక చురుక్కుమంటుంటే నూకరాజుకి ధైర్యం. చెల్లి ఉన్నట్టే కదా!

ఒకరోజు, అరుగు మీద అందరికన్నా పెద్దదైన ఎండ్రకాయ మామ్మ కేక పెట్టింది. "లాగుడొచ్చేస్తంది! నోళ్లు మూసుకుని పట్టుకోండ్రా!"

అందరూ పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే నూకరాజు ముక్కు ముందుకి ఒక రొయ్య కొట్టుకొచ్చింది. నవనవలాడే రొయ్య! ఒక్క క్షణమే కదా అనుకున్నాడు వెర్రి నాయన. నోరు తెరిచాడు. గుటుక్కు!

కాడ కాస్తా జారిపోయింది.

అయ్యో, అయ్యో! అన్నాచెల్లెళ్లిద్దరూ గిరగిరా తిరుగుతూ కొట్టుకుపోతున్నారు. కరుచుకుందామంటే దారిలో ఒక్క నాచు కాడ లేదు. నూకరాజు రెక్కలు ఇసకలో ఆనించాడు. జర్రున జారాయి. అంచు వచ్చేస్తోంది!

అంచు దగ్గర ఎండ్రకాయ మామ్మ కాళ్లన్నీ ఇసకలో దింపి నిలబడి ఉంది. కత్తెరలాంటి ఒక డెక్కతో నూకరాజు రెక్కని గబుక్కున పట్టుకుంది.

"దొరికావురా! కానీ నా కాళ్లు జారిపోతన్నాయి. ఇద్దర్నీ ఎంతోసేపు ఆపలేను!"

"మామ్మా, నీ కాళ్లు నేలని పడతన్నాయి, నా రెక్కలు పట్టవేం?"

"నావి విడివిడిగా ఉన్నాయి, ఇసకలో దిగుతాయి. నీవి తెడ్లలాగున్నాయి, ఎలా దిగుతాయి?"

"అయితే చీల్చెయ్యి!"

"పిచ్చోడా, బాధెడతాది! మళ్లీ ఇంత జోరుగా ఈదలేవు."

"ఈదకపోతే నడుస్తాను. చీల్చవే మామ్మా, చెల్లి పోతంది!"

కటుక్కు! కటుక్కు! మామ్మ రెండో డెక్క ఆడింది. రెండు పక్కలా రెక్కల ముందు భాగం మూడేసి పోగులుగా విడిపోయింది. ప్రాణం పోయేంత నొప్పి! నూకరాజు పళ్లు బిగించాడు. నోరు తెరవలేదు కాబట్టి ఆ కేక కడుపులోనే తిరిగి "గుర్ర్ర్!" అంది.

ఆరు వేళ్లూ ఇసకలో దింపాడు. పట్టు దొరికింది! ఒక అడుగు వేశాడు. గుర్ర్ర్! ఇంకో అడుగు. గుర్ర్ర్!

ఉన్నట్టుండి తోక చురుక్కుమనడం ఆగిపోయింది.

నూకరాజుకి వెనక్కి చూడాలంటే భయం. అయినా చూశాడు. బంగారి అక్కడే ఉంది! కళ్లు గట్టిగా మూసుకుని, తోకని కరుచుకునే ఉంది. మొద్దుబారిపోయింది తోక, అంతే. నూకరాజుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. గుర్రుమంటూ అడుగు మీద అడుగు వేసి నాచు దాకా లాక్కొచ్చాడు.

లాగుడు తగ్గింది. నూకరాజు వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఒక్క రొయ్య కోసం నిన్ను పోగొట్టుకునేవాణ్ణే బంగారీ!"

బంగారి ఏడవలేదు. తిన్నగా మామ్మ దగ్గరికి వెళ్లి తన బుల్లి రెక్కలు చాపింది.

"నాకూ చీల్చు మామ్మా."

"నీకెందుకే? మీ అన్న ఉన్నాడుగా!"

"అన్న జారితే నేను పట్టుకోవద్దూ?"

అప్పటినుంచే గుర్రుచేపలు, అన్నలూ చెల్లెళ్లూ అన్నీ, ఆరు వేళ్లతో గుర్రుమంటూ ఇసక మీద నడుస్తున్నాయి.