నల్లనీటిలో రాణి

మీ తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో ఒక రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒకనాడు ఓ మాంత్రికుడు అలిగి, రాణిని చేపను చేసి, మూడూళ్ళకున్న మూడు చెరువుల్లో చివరిదాంట్లో పడేశాడు. "నీటి అడుగునుంచి కొడుకు మొహం కనబడిననాడే నీకు విడుదల" అన్నాడు.

కనబడేదెలా? ఆ నీళ్ళు కాటుకలా ఉండేవి. చిన్నవాడు వజ్రకేతు రోజూ గట్టున వంగి "అమ్మా!" అని పిలిచేవాడు. లోపల్నుంచి ఒక బుడగ వచ్చేది. రోజురోజుకీ ఆ బుడగ చిన్నదైపోతోంది.

వజ్రకేతు ఏడు సముద్రాలు దాటి, మాంత్రికుడి ప్రాణమున్న చిలకను పట్టుకున్నాడు.

"ఆగాగు నాయనా!" అంది చిలక. "నా మెడ విరిస్తే మాంత్రికుడు చస్తాడు సరే, నీళ్ళు తేటపడతాయా? వాటిని పాడుచేసింది మీ మూడూళ్ళవాళ్ళే."

చిలకను భుజాన పెట్టుకుని తిరిగొచ్చాడు. ఈలోగా పెద్దన్న సైన్యంతో ఊళ్ళమీదికి వెళ్ళాడు. సైన్యం ఉన్నన్నాళ్ళే శుభ్రం. నడిపన్న దండోరా వేయించాడు. డప్పు ఆగేలోపే అందరూ మరిచిపోయారు.

ఆ చెరువులు మూడూ ఒకదాని కిందొకటి. పై చెరువు నిండితే నడిమిదానికి, అది నిండితే చివరిదానికి నీళ్ళు. కిందివాళ్ళు నడిమివాళ్ళనీ, నడిమివాళ్ళు పైవాళ్ళనీ తిట్టేవాళ్ళు. పైఊళ్ళో బట్టలకు రంగులద్దే అద్దకంవాళ్ళు "మా పైన వానదేవుడే, ఆయన్నడగండి" అనేవాళ్ళు.

చివరి చెరువు తూము కాసే పడుచు పైడమ్మ అంది: "బాబూ, మూడూళ్ళవాళ్ళనీ ఇక్కడ కూర్చోబెట్టు. ఏ ఊరివాళ్ళైనా తమ కింది చెరువు నీళ్ళే తాగాలి. చివరి ఊరివాళ్ళు తమ చెరువు నీళ్ళే తాగాలి. అదే కట్టుబాటు."

వజ్రకేతు మూడూళ్ళవాళ్ళనీ గట్టుకు పిలిపించి ఆ మాట చెప్పగానే అందరూ గొల్లుమన్నారు. వజ్రకేతు దోసిట్లో నల్లనీళ్ళు తీసుకున్నాడు. "మా అమ్మ ఇందులోనే బతుకుతోంది" అని నోటి దగ్గరికి తెచ్చాడు. అద్దకం పెద్ద రుద్రయ్య గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు బాబూ! రేపట్నుంచి మా రంగునీళ్ళు మా గుంటల్లోనే ఇంకుతాయి."

మిగతా ఊళ్ళూ కట్టుబాటుకు ఒప్పుకున్నాయి. ఇంటికో మనిషి పూడిక తీశాడు. చిలక వజ్రకేతు చేతిలోనే ఉంది కాబట్టి మాంత్రికుడూ తట్ట మోశాడు, గొణుక్కుంటూనే.

ఒక వాన కురిసింది, నలుపు విరిగింది. రెండో వానకు ఆకుపచ్చగా మారింది. మూడో వాన వెలిసిన పొద్దున వజ్రకేతు వంగి చూస్తే అడుగున ఇసుక కనిపించింది. ఇసుకమీద ఒక చేప తలెత్తి చూసింది.

మరుక్షణం రాణి తడిచీరతో గట్టెక్కింది. "ఎంత చిక్కిపోయావురా నాయనా!" అని కొడుకు మొహం నిమిరింది. వజ్రకేతు భోరున ఏడ్చాడు.

వజ్రకేతు పైడమ్మను పెళ్ళాడతానన్నాడు. సరేనంది గానీ, కోటలో వంటకు చివరి చెరువు నీళ్ళే తేవాలంది. వాళ్ళు ఏలినన్నాళ్ళూ ఆ కావడి ఒక్కరోజూ ఆగలేదు.