తెరుపూ మూతా

కాపు దొడ్డికి ఉన్న వెదురు తడిక విషయంలో జంతువులు రెండు పార్టీలయ్యాయి. పగలంతా తెరిచి ఉంచాలనేవాళ్ళు తెరుపువాళ్ళు, మూసి ఉంచాలనేవాళ్ళు మూతవాళ్ళు. పిల్లలకోడి గవ్వలపెట్ట పచ్చి తెరుపు. తడిక అవతల జొన్నచేను, దాన్నిండా పురుగులు. పిల్లలతల్లికి అంతకన్నా సిద్ధాంతం ఏం కావాలి?

కాపలా కుక్క కర్రెన్న మూత. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి గవ్వలపెట్ట అతని తొట్టిలో నీళ్ళు తాగడం మానేసింది. వానాకాలంలో తన పిల్లల మీదికి దిగిన గద్దను తరిమింది అతనేనన్న సంగతి కూడా పక్కన పెట్టింది.

"అటు పోకండర్రా! వాడు మూతోడు," అని పిల్లల్ని అదిలించేది.

"ఆడుకోనీ అమ్మాయ్. నా తోక ఏ పార్టీలోనూ లేదు," అనేవాడు కర్రెన్న.

ఒక మధ్యాహ్నం కాపు తడిక వేయడం మరిచి పొలానికి పోయాడు. కర్రెన్న గుంజకు కట్టేసి ఉన్నాడు. చేలోంచి ఒక బావురుపిల్లి వచ్చి తడిక దగ్గర కూర్చుంది. పెట్ట ఈకలు నిక్కబొడుచుకున్నాయి.

"భయపడకు వదినా," అంది పిల్లి. "నేనూ తెరుపుదాన్నే. మూసిన తడిక చూస్తే చిన్నప్పటి నుంచీ నాకు కడుపుమంట."

"నిజంగా?" పెట్ట ఈకలు దిగాయి. "మరి కోళ్ళగంప మీద నీ అభిప్రాయం?"

"ఘోరం! పసిపిల్లల మీద గంప బోర్లించడానికి మనసెలా వస్తుందో!"

"కుక్కల సంగతి?"

"కట్టేసే ఉంచాలి వదినా. ఆ అరుపులు కూడా తగ్గించాలి."

ఒక్కదాంట్లోనూ తేడా లేదు. ఇంత చక్కటి ఆలోచనలున్న ప్రాణిని గవ్వలపెట్ట పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఏం తింటావని మాత్రం అడగలేదు.

"లోపలికి రా, పిల్లల్ని చూసి పోదువుగాని," అంది.

అప్పుడు చూశాడు కర్రెన్న. తాడు తెగేలా గుంజుతూ, "మూయండి! తడిక మూయండి!" అని అరిచాడు.

"విన్నావా? మిట్టమధ్యాహ్నం కూడా ప్రచారమే," అంది పెట్ట.

"తెరవండి! తెరిచే ఉంచండి!" అని తక్కిన కోళ్ళు గొంతు కలిపాయి. తడిక పక్కనే ఉన్న గేదె ఒక్క తోపు తోస్తే సరిపోయేది. కానీ గేదె కూడా తెరుపే. నెమరు ఆపలేదు.

పిల్లి తీరిగ్గా లోపలికొచ్చింది. పిల్లల్లో బొద్దుగా ఉన్నదాన్ని కరుచుకుని, తెరిచిన దారినే పోయింది. పెట్ట అరుస్తూ చేను దాకా పరిగెత్తి, ఒంటరిగా తిరిగొచ్చింది.

"కర్రెన్నా, పిల్లి వచ్చిందని చెప్పకూడదా?"

"ఇంకెలా చెప్పాలమ్మా? గొంతు పోయేలా అరిచాను."

"మీ పార్టీ మాట అంటున్నావనుకున్నాను."

"మా పార్టీ మాటే. పిల్లి ఉందనే ఆ మాట పుట్టింది."

గవ్వలపెట్ట మిగిలిన పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

అవతలివాళ్ళు మన పక్షమా అని అడిగే ముందు, మన పిల్లల పక్షమా అని చూసుకోవాలి.