సుంకం కట్టని నీళ్లు

అనగా అనగా మణిదుర్గం అని ఒక పట్నం. ఎదిగే పసివాడికి మొలతాడు మార్చినట్టు, ఆ పట్నం పెరిగినప్పుడల్లా దాని చుట్టూ తిరిగే దారిని పెద్దది చేయవలసి వచ్చేది.

ఆ దారి మీద నడవాలన్నా, దాన్ని దాటి పట్నంలోకి రావాలన్నా సుంకం కట్టాలి. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు, ద్వారానికో సుంకరి. అయితే పాత దారి కింద వాననీళ్లు పోవడానికి ఒక తూము ఉండేది. వానలు లేని కాలంలో బండ్లవాళ్లు ఆ తూములోంచి దూరి, సుంకం ఎగ్గొట్టి, చక్కగా ఇళ్లకు పోయేవారు.

ఈ సంగతి తెలిసి కంపరాయ మహారాజు మండిపడ్డాడు. "కొత్త దారి ఎత్తయిన కట్ట మీద వేయండి. దాని కింద చీమ దూరే సందు కూడా ఉండకూడదు. సందు విడిచినవాడి చేతులు తీయిస్తాను" అన్నాడు. పాత తూము కట్టిన కొలతగాడు ఓబన్న అప్పటికే చెరసాలలో ఉన్నాడు. అతని కొలతతాడు తెచ్చి గవరయ్య చేతిలో పెట్టారు.

గవరయ్య పనిమంతుడు. కానీ ఎంత పిరికివాడంటే, పిల్లి మాట అటుంచండి, పిల్లి నీడ ఎదురొచ్చినా ఆగిపోయే మనిషి. ఆ తాడు పట్టుకున్న రోజు నుంచి అతనికి కంటి నిండా నిద్ర లేదు.

పట్నానికి ఉత్తరాన కొండలు, దక్షిణాన పల్లం. ఉత్తరాన రాతినేల మీద దారి నేలమట్టంగానే సాగింది. పల్లంలోకి వచ్చేసరికి కట్టను రెండు నిలువుల ఎత్తు పోయవలసి వచ్చింది. ఆ కట్టకు లోపలివైపు పల్లపువీధి. అందులోనే గవరయ్య కూతురు మంగతాయి కాపురం. ఆమె ప్రసవించి పదిరోజులే అయింది.

కొలతగాళ్లకు ఒక ఆచారం ఉంది. మేకు పాతే ముందు గొయ్యి తవ్వి అడుగు మట్టి చూడాలి. గవరయ్య పల్లంలో మొదటి గొయ్యి నడుములోతు తవ్వాడు. పైన ఎర్రమట్టి, కింద తెల్లని ఇసుక. ఆ ఇసుకలో ఒక ముసలి ఎండ్రకాయ ముడుచుకొని కూర్చుంది.

"నా ఇంటి కప్పు ఎందుకు తీశావు?" అంది ఎండ్రకాయ.

గవరయ్య ఉలిక్కిపడ్డాడు. "నీళ్లు లేని చోట నీకేం పని?"

"ఇది వాగు. నీళ్లు ఊరెళ్లాయి. అవి వచ్చేదాకా ఇల్లు కాస్తున్నాను. నేను ఎంత పైకి వస్తే అవి అంత దగ్గరికి వచ్చినట్టు."

ఏడేళ్లుగా సరైన వానలు లేవు. ఆ పల్లంలో వాగు పారేదన్న సంగతే జనం మరిచిపోయారు. గవరయ్య పరుగున వెళ్లి దక్షిణద్వారం సుంకరి కొండప్పకు చెప్పాడు. "కొండ నీళ్లు ఇటే వస్తాయి బాబూ. కట్ట మూసేస్తే పోయే దారి ఉండదు."

కొండప్ప అతని భుజం మీది తాడు వైపు చూశాడు. "అది ఎవరి తాడో తెలుసా, గవరయ్యా?"

గవరయ్య తాడు సర్దుకొని వెనక్కి తిరిగాడు. వచ్చి గొయ్యి పూడ్చేసి మేకు పాతాడు.

పదిహేను రోజులకు రెండో గొయ్యి తవ్వాడు. ఈసారి మూరెడు లోతులోనే ఎండ్రకాయ కనబడింది. అతని ముఖంలోకి చూసింది, అంతే. గవరయ్య మంత్రిగారికి చెబుదామని బయలుదేరి వాకిలి దాకా వెళ్లాడు. భటుడు "ఏం పని?" అని అడిగాడు. "ఏం లేదు" అని వెనక్కి తిరిగాడు.

ఆ పూట కూతురింట్లో అన్నానికి కూర్చున్నాడు. కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

"ఏం నాన్నా, అలా ఉన్నావు?" అంది మంగతాయి.

"ఎండ దెబ్బ తల్లీ" అన్నాడు. ఉయ్యాలలో పసిబిడ్డ వేళ్లు చప్పరిస్తోంది. ఆ బిడ్డ వంక చూడలేక గవరయ్య తల దించుకున్నాడు. తన పిరికితనం మీద తనకే అసహ్యం వేసింది.

కట్ట పెరుగుతూ పెరుగుతూ బండి పట్టేంత సందు మాత్రమే మిగిలింది. చివరి గంప మట్టి మహారాజు స్వయంగా పోస్తాడని చాటింపు వేశారు. ఆ ఉదయం గవరయ్య ఆఖరి మేకు పాతడానికి వెళ్లాడు. గొయ్యి తవ్వే పనే లేకపోయింది. ఎండ్రకాయ నేల మీదే ఉంది. దాని వెనక పదులకొద్దీ ఎండ్రకాయలు వరసగా కట్ట ఎక్కి బయటికి పోతున్నాయి. ఉత్తరాన కొండలు కనబడకుండా మబ్బు కమ్మింది.

"ఇంక ఇక్కడ నాకు కాపలా పని లేదు" అంది ముసలి ఎండ్రకాయ. "నీళ్లు వస్తున్నాయి. మీరు దారి మూస్తున్నారు. సాయంత్రానికి మీ పట్నమే చెరువు."

మేళతాళాలతో రాజు రానే వచ్చాడు. మట్టిగంప ఎత్తాడు. గవరయ్య వెళ్లి ఆ సందులో అడ్డంగా నిలబడ్డాడు. జనమంతా నిర్ఘాంతపోయారు.

"ప్రభూ, ఈ సందు మూయకండి. ఇది వాగు దారి."

"సందు విడవమన్నవాడికి శిక్ష ఏమిటో తెలుసా?"

"తెలుసు ప్రభూ. ఈ తాడు ఎవరిదో కూడా తెలుసు."

"భయం లేదా నీకు?"

"ఎందుకు లేదు? నా కాళ్లు చూడండి, ఎలా వణుకుతున్నాయో. కానీ నా బిడ్డ ఇల్లు ఈ కట్ట లోపలే ఉంది. బండ్లు దూరతాయని మీ భయమైతే ఈ సందులో రాతికంబాలు దగ్గరగా నాటించండి. బండి పోదు, నీరు పోతుంది. బండ్లను సుంకం కోసం ఆపగలరు. నీళ్లు సుంకం కట్టవు, ఆపితే ఆగవు."

రాజు మబ్బు వైపు చూశాడు. "ఈ సందులో ఆఖరి మేకు పాతి, వీణ్ని వీడి తాడుతోనే దానికి కట్టండి. పొద్దు వాలేదాకా చూద్దాం. నీళ్లు రాకపోతే వీడి చేతులు తీయించి సందు పూడుస్తాను" అన్నాడు.

పాపం గవరయ్య. నీళ్లు రాకపోతే చేతులు పోతాయి. వస్తే మొదట మునిగేది తానే. ఏది కోరుకోవాలో తెలియక కళ్లు మూసుకున్నాడు.

మధ్యాహ్నం దాటింది. ముందు తడిమట్టి వాసన వచ్చింది. తర్వాత దూరంగా హోరు వినబడింది. చూస్తూ ఉండగానే ఎర్రనీళ్లు పల్లపువీధిని కమ్ముకుంటూ వచ్చి గవరయ్య చీలమండలను తాకాయి. మోకాళ్ల దాకా వచ్చాయి. నడుము దాకా వచ్చాయి. పల్లపువీధిలో జనం అరుగులెక్కారు. మంగతాయి బిడ్డను గుండెకు అదుముకొని అటక ఎక్కింది.

రాజు కట్ట మీది నుంచి కిందికి చూశాడు. నీళ్లన్నీ ఆ ఒక్క సందులోంచే బయటికి ఉరుకుతున్నాయి. అదే లేకపోతే? ఆయన పక్కనున్న మట్టిగంపను అవతలికి తన్నేశాడు. కత్తి దూసి నీళ్లలోకి దిగి, తాడు కోసి, గవరయ్యను పైకి లాగాడు. "సందు వెడల్పు చేయండి" అని కేక వేసి, తానూ ఒక పార అందుకున్నాడు.

చీకటి పడకముందే నీళ్లు గడపల కిందికి దిగాయి. మంగతాయి అటక దిగివచ్చింది. గవరయ్య బిడ్డను ఎత్తుకొని బావురుమని ఏడ్చాడు.

మర్నాడు రాజు ఆ సందులో రాతికంబాలు నాటించాడు. ఓబన్నను చెరసాల నుంచి విడిపించాడు. గవరయ్య తెగిన తాడును ముడివేసి, రెండు చేతులా ఓబన్నకు అప్పగించాడు. "మొదటి గొయ్యి తవ్విన నాడే రాజుకు చెప్పవలసింది, అన్నా" అన్నాడు తల వంచుకొని. ఓబన్న ఆ ముడిని తడిమి చూసి, "చెప్పావుగా" అన్నాడు.

పిల్లలూ, భయం ఎవరికైనా వేస్తుంది. వణికే కాళ్లతోనే నిలబడి నిజం చెప్పినవాడు తననే కాదు, ఊరినీ కాపాడతాడు.