నూకాలు తన్నెయ్యని పిచ్చికగూడు

ఇసకమ్మ ఇసక, ఏటి ఒడ్డు ఇసక,
అరికాలి మీద అరచేతి దెబ్బ,
ఒకటోది అమ్మకి, రెండోది అయ్యకి,
మూడోది...

మూడోది ఎవరికో మర్చిపోయానే బంగారం. చిన్నప్పుడు గొంతెత్తి పాడేదాన్ని. ఇప్పుడు మూడోదాని దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగిపోతోంది. పోన్లే, పాట రాకపోతే కథ వస్తుంది. దుప్పటి మెడదాకా లాక్కో. ఈ కథలో కాస్త భయం ఉంది. భయమేస్తే నా చెయ్యి పట్టుకో. మధ్యలో మాత్రం ఆపమనకు. మధ్యలో ఆపామా, వాళ్ళు లోపలే ఉండిపోతారు.

అనగనగా ఒక పెద్ద ఏరు, ఏటి మధ్యన ఒక లంక. లంకంటే ఏముంది, చుట్టూ నీళ్ళు, మధ్యన ఇసక, ఇసక మీద నాలుగు పాకలు. చివరి పాకలో నూకాలు అని ఎనిమిదేళ్ళ పిల్ల ఉండేది. వాళ్ళమ్మ అప్పాయమ్మ, వాళ్ళ మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, ఒక మేక, ఉయ్యాల్లో చంటిపిల్ల పోలి. నాన్నేమో పెద్ద పడవ మీద పనికి పోయి నెలకోసారి వచ్చేవాడు.

ఆ పాక ఏం పాకలే! వానొస్తే ఏడు చోట్ల కారేది. పొయ్యి అంటిస్తే పొగంతా కళ్ళల్లోకే. ప్రతి ఏడూ వరదొచ్చి ఎత్తుకుపోతే, వరద తీశాక మళ్ళీ గుంజలు పాతుకునేవాళ్ళు. అన్నిటికీ మించి పోలి ఏడుపు. అమ్మ నూకాలుకి జడ వేస్తూ ఉండేదా, పోలి కేర్ మనేది. సగం జడ వదిలేసి అమ్మ లేచిపోయేది. నూకాలు సగం జడతోనే లంకంతా తిరిగేది.

ఒకరోజు సాయంత్రం నూకాలు ఒడ్డుకి వెళ్ళి తడి ఇసకలో ఇల్లు కట్టడం మొదలెట్టింది. ఎలా కడతారో నీకు తెలుసుగా? ఇసకలో కాలు పెట్టాలి. కాలి మీద ఇసక పోసి అరచేత్తో గట్టిగా తట్టాలి. ఆ తర్వాత మెల్లిగా, ఊపిరి బిగబట్టి, కాలు వెనక్కి లాగాలి. లాగుతూ ఆ గది ఎవరిదో పైకి చెప్పాలి. అదీ పిచ్చికగూడు.

నూకాలు తనకి ఎలాంటి ఇల్లు కావాలో అలాగే కట్టింది. "ఈ ఇంట్లో పొగ రాదు. వాన కారదు. ఏరు లోపలికి రాదు. ఎవరూ ఎవర్నీ తిట్టరు," అంది. అప్పుడు కాలు లాగి, "ఇది మేకది," అంది. ఇంకో కాలు లాగి, "ఇది మామ్మది." ఆ తర్వాత కాస్త పెద్దగా ఇసక పోసి, "ఇది అమ్మది." అమ్మ గదిని ఆనుకుని, "ఇది నాది."

పోలికి కట్టలేదు. మర్చిపోయిందనుకునేవు, మర్చిపోలేదు. కట్టలేదంతే.

ఇక్కడో సంగతుంది. పొద్దుగూకేలోపల పిచ్చికగూడు కట్టిన పిల్లే దాన్ని తన్నేసి రావాలి. మామ్మ ఎన్నోసార్లు చెప్పింది. "కట్టిన ఇల్లు ఖాళీగా ఉండలేదే. ఎవరి పేరు చెప్పావో వాళ్ళని పిలుచుకుంటుంది." నూకాలు కాలెత్తింది. ఇల్లు చూస్తే ఎంత ముద్దుగా ఉందో. కాలు దించేసింది. వెనక్కి చూసుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది.

పొద్దున్నే చూస్తే గుంజకి మేక లేదు. నేలమీద గిట్టల గుర్తులు ఒడ్డువైపు పోతున్నాయి. నూకాలు వాటి వెంట నడిచింది. గుమ్మం దగ్గర ఆ గుర్తులు మేక గిట్టలంతే ఉన్నాయి. కొంచెం దూరం పోయాక చింతగింజలంత అయ్యాయి. ఇంకొంచెం పోయాక నువ్వుగింజలంత. ఆ నువ్వుగింజలు వెళ్ళి వెళ్ళి పిచ్చికగూటి ముందు ఆగిపోయాయి. లోపలినుంచి చీమ అరిచినంత సన్నగా, "మే..."

నూకాలు తన్నేద్దామని కాలెత్తింది. తంతే లోపల మేక నలిగిపోదూ? కాలు దించేసింది. అప్పుడు చూసింది, గూటి ముందు ఎవరో నీళ్ళు చల్లారు, ముగ్గు వేశారు. వేలెడంత ముగ్గు. తను వెయ్యలేదు. మేక వేస్తుందా?

ఇంటికి పరిగెత్తింది. చెబితే వీపు చిట్లుతుందని చెప్పలేదు.

"మేకేదే?" అంది మామ్మ.

"మేతకెళ్ళిందేమో."

"తాడు తనే విప్పుకుని వెళ్ళిందా? నీకంటే తెలివిగలదే!" అని మామ్మ కర్ర పట్టుకుని మేకని వెతకబోయింది.

మధ్యాహ్నమైనా మామ్మ రాలేదు. ఒడ్డున కాళ్ళ గుర్తులు, పక్కనే కర్ర పొడిచిన గుంటలు. మొదట మామ్మ పాదాలంత. ఆ తర్వాత నీ బొటనవేలంత. ఆ తర్వాత సూదిమొనతో గుచ్చినట్టు చుక్కలు. గూట్లోంచి దగ్గు వినపడింది, మామ్మ దగ్గే. దగ్గి, "అబ్బా, నడుం నొప్పే లేదిక్కడ," అంది ఎవరితోనో. ఆ ఎవరో కిసుక్కున నవ్వారు.

నూకాలు వెనక్కి తిరిగింది. అమ్మ దగ్గరికి ఒక్క పరుగు. "అమ్మా, మామ్మ ఇసకింట్లోకి వెళ్ళిపోయింది!"

అమ్మ పోలికి పాలిస్తోంది. "ఎసరు మరుగుతోంది, బియ్యం కడిగి పొయ్యి. తర్వాత చెబుదువుగాని నీ కబుర్లు."

"నిజం అమ్మా! మేక కూడా!"

"నాన్న కూడానా?" అని అమ్మ నవ్వేసింది. పోలిని ఉయ్యాల్లో వేసి, బిందె తీసుకుని ఏటికి వెళ్ళింది. నూకాలు బియ్యం కడుగుతూ గుమ్మం వంకే చూస్తూ కూర్చుంది. ఎసరు పొంగింది. అన్నం ఉడికింది. అన్నం మాడింది. అమ్మ రాలేదు.

అప్పుడు పోలి లేచి ఏడుపు లంకించుకుంది.

ఎవర్ని పిలవాలి? మిగతా మూడు పాకలవాళ్ళూ నాట్లకి అవతలి ఒడ్డుకి పోయారు. నూకాలు చెల్లిని చంకనేసుకుని బయల్దేరింది. అమ్మ తడికాళ్ళ గుర్తులు చూసుకుంటూ వెళ్ళింది. పెద్దవి, చిన్నవి, మరీ చిన్నవి. సగం దారిలో బిందె పడి ఉంది, నీళ్ళన్నీ ఒలికిపోయి. ఏరు చూస్తే రంగు మారింది. ఎర్రనీళ్ళు. అంటే పైన ఎక్కడో వరద బయల్దేరిందన్నమాట. నీళ్ళు ఒక్కో అలకీ ఒక్కో బెత్తెడు పైకి వస్తున్నాయి. ఇసకిల్లు ఇంక పది బెత్తెల దూరంలో ఉంది.

నూకాలు గొంతుకూర్చుని గూట్లోకి వంగింది. "అమ్మా! ఏరు వస్తోంది. బయటికి రా!"

"ఎందుకే?" అంది అమ్మ గొంతు. బావిలోంచి వచ్చినట్టుంది. "ఇక్కడ ఎంత చల్లగా ఉందో! పొగ లేదు, కారడం లేదు. నీ గది ఊడ్చి చాప కూడా వేశాను. నీ జడ పూర్తిగా వేస్తాను. రా."

"పోలి ఏడుస్తోందమ్మా."

"పోలెవరే?"

"చెల్లి!"

"ఏ చెల్లి? నాకున్నది నువ్వొక్కదానివేగా తల్లీ."

బంగారం, ఎన్నాళ్ళనుంచో నూకాలు వినాలనుకున్న మాటే అది. వినగానే ఒక్క క్షణం తియ్యగా కూడా అనిపించింది. ఆ వెంటనే చెల్లి వంక చూసింది. చంకలో పిల్ల వెచ్చగా వెక్కుతోంది. ఈ పిల్లని కన్నది ఈ అమ్మే. అమ్మకి గుర్తే లేదు.

అప్పుడు అమ్మ గదిలోంచి చెయ్యి బయటికి వచ్చింది, వస్తూనే మామూలంత అయింది. అమ్మ చెయ్యే. అమ్మ గాజులే. కానీ గాజులు చప్పుడు చెయ్యడం లేదు. ఆ చెయ్యి ఇసక తడుముకుంటూ వచ్చి నూకాలు కాలు పట్టుకుంది. చల్లటి చెయ్యి. పట్టుకుని నూకాలు గది వైపు లాగింది. నూకాలు కాలు ఆ గదికి అచ్చంగా సరిపోయింది. సరిపోదూ మరి, ఆ కాలుతోనే కదా కట్టింది! ముందు వేళ్ళు వెళ్ళాయి. ఆ తర్వాత మడమ. ఆ తర్వాత చీలమండ.

కాలు లోపలికి పోతుంటే ఎంత హాయిగా ఉందనుకున్నావు! ఎండలో తిరిగొచ్చి కుండనీళ్ళు తాగినట్టుంది. నిద్రొచ్చేస్తోంది. ఇంకొంచెం వంగితే చాలు, అమ్మా తనూ, పొగలేని ఇల్లు. కానీ పోలికి గది లేదు. పేరు చెప్పనివాళ్ళని ఆ ఇల్లు రానివ్వదు. తను వెళితే పోలి ఇసకమీద ఉండిపోతుంది, ఏరొచ్చేదాకా.

ఎర్రనీళ్ళు వచ్చి నూకాలు రెండో మడమకి తగిలాయి.

నూకాలు చంకలో పిల్లని రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుని మెల్లిగా ఆ చెయ్యి వైపు వంచింది. అమ్మ లాగేస్తుందేమో అని భయం. తాకించకపోతే అమ్మకి గుర్తురాదని భయం. ఏరొచ్చేస్తోందని భయం. మూడు భయాలూ ఉండగానే, పోలి బుల్లికాలు తీసి ఆ చల్లటి చేతికి తాకించింది.

చెయ్యి ఆగింది. నూకాలు చీలమండ వదిలేసి పోలి పాదం తడిమింది. మడమ తడిమింది. వేళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. పోలి భయపడి, ఆకలేసి, ఏటి అవతలి ఒడ్డుకి వినపడేలా గుక్కపెట్టింది.

గలగలమని గాజులు మోగాయి.

"ఇది... ఇది ఎవరి కాలే?" లోపల అమ్మ గొంతు వణికింది.

"నువ్వే చెప్పమ్మా! నేను చెప్పను. నువ్వే చెప్పు!"

లోపల ఊపిరి పీల్చిన చప్పుడు. ఆ తర్వాత లంకంతా అదిరేలా, "పోలీ!"

ఇసక పగిలింది. అమ్మ తల బయటికొచ్చింది, జుట్టునిండా ఇసక. అమ్మ చీరకొంగు పట్టుకుని మామ్మ వచ్చింది. మామ్మ పట్టుకున్న తాడు చివర మేక వచ్చింది. మామ్మ ఇసక ఉమ్మేసి, "ఎవరే నన్ను లాగింది? ఇన్నేళ్ళకి నడుం వాల్చానో లేదో!" అని విసుక్కుంది. అంతలో కాలికింద ఎర్రనీళ్ళు చూసి, "ఓరి నాయనో!" అని మేకకంటే ముందు గెంతింది.

"నూకాలూ, తన్నెయ్యి! నువ్వే తన్నాలి!" అని అరిచింది.

నూకాలు చెల్లిని దించకుండానే ఒక్క తన్ను తన్నింది. మేక గది, మామ్మ గది, అమ్మ గది, తన గది, అన్నీ కుప్పకూలాయి. కూలుతుంటే ఇసక అడుగునించి ఎవరో "అయ్యో" అన్నారు. మేకా కాదు, మామ్మా కాదు, అమ్మా కాదు. వాళ్ళు ముగ్గురూ బయటే ఉన్నారుగా. ఎవరది అని ఆగి చూడలేదు వాళ్ళు. వెనక్కి తిరక్కుండా పరిగెత్తారు. ఆ ఇసకని ఏరు ఒక్క నాకు నాకి తీసుకుపోయి, అక్కడితో ఆగింది.

ఇదిగో, అయిపోయింది. నా చెయ్యి వదులు, వేళ్ళు తిమ్మిరెక్కాయి.

ఇసకేమో ఏటికి,
ఏరేమో సంద్రానికి,
కథేమో కంచికి,
కళ్ళేమో నిద్దరకి,
మనమేమో ఇంటికి.

ఏంటీ? మనం ఇంట్లోనే ఉన్నామంటావా? అవునే, నేనూ ఓసారి తడుముకుని చూసుకున్నాను. ఇంట్లోనే ఉన్నాం. ఇంకేంటీ? నూకాలు చెల్లిని దించిందా అనా?

దించలేదు. ఇంటికొచ్చినా దించలేదు. చేతులు కొయ్యబారిపోయినా దించలేదు. పోలికి పాలిస్తానని అమ్మ చేతులు చాపితే, నూకాలు గోడకి ఆనుకుని, "నీకెంతమంది కూతుళ్ళు?" అని అడిగింది. "ఇద్దరే," అంది అమ్మ. నూకాలు ఇవ్వలేదు. మళ్ళీ అడిగింది. "ఇద్దరే పిచ్చితల్లీ," అంది అమ్మ. అయినా ఇవ్వలేదు. పాకనిండా పొగ, ఏడుపు, మాడిన అన్నం వాసన. మూడోసారి అడిగేసరికి నూకాలు పెదాలు వణుకుతున్నాయి. అప్పుడు అమ్మ దగ్గరికొచ్చి, ఎదురుగా చతికిలబడి, నూకాలు సగం జడ చేత్తో పట్టుకుని మెల్లిగా అంది:

"ఇద్దరే. ఒకత్తి ఏడుస్తోంది, ఇంకొకత్తి ఏడుపు బిగబట్టుకుని కూర్చుంది. దాన్నిలా ఇచ్చి, నువ్వూ ఏడవ్వే."