నక్క కొలిచిన గుమ్మం

అడవిలో ఉండేవాళ్లకి వనభోజనాలేమిటని మీరడగొచ్చు. ఆ మాట చెంగయ్య అనే కుందేలును అడగాలి. కార్తీకమాసంలో ఊళ్లోవాళ్లు బళ్లు కట్టుకుని ఉసిరిచెట్ల కిందికి రావడం పొదల్లోంచి చూసి చూసి, మనమూ పిల్లల్ని తీసుకుని ఏటి ఒడ్డు తోపులో ఒక రాత్రి ఉండి రావాల్సిందేనని పట్టుబట్టాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. తానే కుందేలన్న సంగతి కూడా అప్పుడప్పుడు మరిచిపోయేవాడు.

ముసలి ఎద్దు వీరన్న బండి లాగాడు. అది గుడారం బండి. పక్కన చుట్టి ఉన్న పరదా విప్పి, గుంజల మీద ఎత్తి కడితే బండిని ఆనుకుని ఒక గది తయారవుతుంది. కట్టడం వస్తేనే సుమా! చెంగయ్య ఒక మూల లేపితే ఇంకో మూల కూలింది. నాలుగు మూలలూ నిలబెట్టాక చూస్తే నడి గుంజ చేతిలోనే మిగిలిపోయింది.

అతని పెళ్లాం రత్తమ్మకి పుట్టుకతోనే బెదురు. "ఏమయ్యా, చీకటి పడకముందే ఇంటికి పోదాం. కొత్త చోటు, నాకు గుండె దడగా ఉంది," అంది.

"నీకు చీమ తుమ్మినా దడే," అన్నాడు చెంగయ్య.

అప్పుడే పొదల వెనకనుంచి వచ్చాడు నక్క జోగినాథం. తోక కాళ్ల మధ్య పెట్టుకుని, తల వంచి, నక్క వినయమంటే ఏమిటో చూపిస్తూ దూరంగానే ఆగాడు. వీరన్న కొమ్ములు ఆడించాడు మరి.

"బావా, అలా కడితే గాలికి ఎగిరిపోతుంది. అక్కడ కూర్చో, నేను కట్టిస్తాను. చెల్లెమ్మా, పిల్లలు జాగ్రత్త, గుంజలు మీద పడతాయి," అన్నాడు.

వరసలు కలిపేసరికి చెంగయ్య పొంగిపోయాడు. రత్తమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది.

జోగినాథం పనిమంతుడే. పరదా అంచుల్ని నేలకి దించి, చుట్టూ గూటాలు దిగ్గొట్టాడు. చలిగాలి వస్తుందని బండి కింద గోనెపట్టా కట్టాడు. లోపల నడి గుంజ నిలబెట్టి, దాని మీదే బరువంతా ఆన్చాడు. ఎదురుగా ఒక్క గుమ్మం వదిలాడు. ఆ గుమ్మం దగ్గర ఆగి, భుజం ఒకసారి ఇటు ఆనించి, ఒకసారి అటు ఆనించి, ఇంకాస్త వెడల్పు చేశాడు. అది రత్తమ్మ ఒక్కతే చూసింది.

"పొద్దు వాలేటప్పుడు ఎద్దును ఏటికి పంపండి బావా. నీళ్లు తాగకపోతే రాత్రంతా బండి కుదుపుతాడు," అని చెప్పి వెళ్లిపోయాడు.

"చూశావా? దేవుడిలా వచ్చాడు!" అన్నాడు చెంగయ్య.

"ఆ గుమ్మం మన కొలతకి లేదయ్యా," అంది రత్తమ్మ. "మనకి అందులో సగం చాలు. పైగా వెనక దారి లేదు. రెండో దారి లేని ఇంట్లో కన్ను మూయకూడదని మా అమ్మమ్మ చెప్పేది."

"అనుమానం పెనుభూతమే. ఒక్క రాత్రికి వెనక దారెందుకు?"

రత్తమ్మ లేచింది. బండి పక్కగా చాప ఎత్తి నేల తవ్వడం మొదలుపెట్టింది. కాళ్లు వణుకుతూనే ఉన్నాయి, వణుకుతూనే తవ్వాయి. బండి కిందుగా తవ్వుకుంటూ పోయి అవతల తుమ్మపొదలో తేలింది. తాను పట్టేంత తవ్వి, ఆపైన ఒక్క పిడికెడు మట్టి కూడా తీయలేదు. చెంగయ్య మాత్రం పులిహోర రెండోసారి వడ్డించుకున్నాడు.

పొద్దు వాలింది. వీరన్న ఏటికి వెళ్లాడు. అతని మెడ గంటల చప్పుడు దూరమైంది, తర్వాత వినపడలేదు.

పడమటి ఎండలో పరదా మీద ఒక నీడ పడింది. నిక్కిన చెవులు, పొడుగు మూతి. అది తొందరపడకుండా గుమ్మం వైపు నడిచింది. పిల్లలు అమ్మ పొట్ట కిందికి దూరారు. పొద్దున్నించీ ఊదిన ధైర్యమంతా ఎటు పోయిందో, చెంగయ్య కాలు కూడా కదపలేకపోయాడు.

రత్తమ్మ చాప తీసి పిల్లల్ని కన్నంలోకి తోసింది. తర్వాత మొగుణ్ణి తోసింది. పులిహోర పొట్ట అడ్డం పడింది. "ఊపిరి బిగబట్టు!" అని వెనక నుంచి ఒక్క తన్ను తన్నింది. చెంగయ్య దిగిపోయాడు.

గుమ్మంలో జోగినాథం తల కనపడింది. "చెల్లెమ్మా, గుడారం ఎలా ఉందో చూసి పోదామని..."

రత్తమ్మ మనసులో లెక్క వేసుకుంది. ఇప్పుడే కన్నంలోకి దూకితే వాడు పొద వైపు పరిగెడతాడు, అక్కడ పిల్లలున్నారు. వాణ్ణి పూర్తిగా లోపలికి రానివ్వాలి.

"రా అన్నయ్యా. నడి గుంజ వదులైంది. ఎప్పుడు మీద పడుతుందోనని భయంగా ఉంది."

"నేనుండగా భయమెందుకు?" అంటూ జోగినాథం తోకతో సహా లోపలికి వచ్చాడు.

రత్తమ్మ వెనక కాళ్లతో గుంజని ఫెడీమని తన్ని కన్నంలోకి దూకింది. పరదా మొత్తం నక్క మీద కూలింది. గుమ్మం ఎటుందో తెలియలేదు. అంచులు ఎత్తబోతే గూటాలు కదల్లేదు, గట్టిగానే కొట్టాడు మరి. తడుముకుంటూ కన్నంలో మూతి పెట్టాడు. మూతి వరకే పట్టింది.

గంటలు మోగాయి. వీరన్న వచ్చి గుట్టలా పొర్లుతున్న పరదాను చూశాడు. పొదలోంచి రత్తమ్మ చెప్పగా సంగతంతా విన్నాడు. నిదానంగా వచ్చి, గుమ్మం గుడ్డ మీద గిట్ట పెట్టి నిలబడ్డాడు.

"బాబ్బాబు, ఊపిరాడటం లేదు! ఎంతసేపు నిలబడతావు?" అని లోపలినుంచి మూలిగాడు జోగినాథం.

"నాకేం తొందర? నెమరు మొదలుపెడితే తెల్లారేదాకా నిలబడతాను," అన్నాడు వీరన్న.

తుమ్మపొదలో రత్తమ్మ ఇంకా వణుకుతూనే పిల్లల్ని లెక్క చూసుకుంటోంది. చెంగయ్య ఆమె పక్కకి జరిగాడు. "ఒసే, ఈ పొదకి రెండో దారి ఎటుందే?" అని మెల్లిగా అడిగాడు.

సాయం చేసే చేతుల్ని చూసి మురిసిపోకు. ఆ చేతులు పెట్టిన గుమ్మం ఎవరి కొలతకుందో చూడు.