మల్లె పట్టిన వేరు

మాలకొండయ్య ఆ ఉదయం మఠం పెద్ద ఓబులమ్మ గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వారం రోజులుగా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ తీరా సమయానికి నోటికి రాలేదు.

"అమ్మా, నావల్ల కావడం లేదు. వాణ్ణయినా పంపించెయ్యండి, నాకైనా సెలవివ్వండి."

వాడంటే సింగరాజు. చదువు సాగక, చేరిన ఉద్యోగం నిలవక, గుండ్లకమ్మ ఒడ్డునున్న ఆ చిన్న మఠానికి వచ్చి పడ్డ యువకుడు. ఒంట్లో జబ్బేమీ లేదు. కానీ మాలకొండయ్య లేపితే తప్ప లేవడు, కంచం ముందు పెడితే తప్ప తినడు. వాడి బట్టలు ఉతికేదీ ఇతనే, దిగులుగా ఉంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పేదీ ఇతనే. యాభై దాటిన ఒళ్ళు. మఠంలో వంట, తోటపని, వాటి పైన ఇది. ఈమధ్య నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. మొన్న ధ్యానంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగి నిద్రపోయాడు.

ఓబులమ్మ గారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఎవరికీ ఉపన్యాసాలు చెప్పే మనిషి కాదు. అంతా విని, "తోటలోకి పోదాం రా నాయనా. కూరల కత్తి తీసుకో" అన్నారు.

వంగతోటలో నాలుగు మొక్కలు తలలు వాల్చేశాయి. నేలలో తడి ఉంది, ఆకుల్లో పురుగు లేదు. మొదళ్ళ దగ్గర మాత్రం పాలిపోయిన కాడలు మట్టిని చీల్చుకుని లేచాయి. వాటికి ఆకు లేదు, పచ్చదనం లేదు. పూలు మాత్రం నిండుగా ఉన్నాయి.

"పొగాకు మల్లె" అన్నాడు మాలకొండయ్య నీరసంగా. మఠానికి రాకముందు పాతికేళ్ళు పొగాకు పండించి, వేళ్ళ సారం పీల్చి బతికే ఈ కలుపుతో వేగినవాడు. అలవాటుకొద్దీ వంగి ఒక కాడ పీకాడు. అది పుటుక్కున తెగి చేతికొచ్చింది.

ఓబులమ్మ గారు మట్టిలోనే చతికిలబడి, పక్క కాడ చుట్టూ పుల్లతో తవ్వసాగారు.

"నేను తవ్వుతానమ్మా."

"నువ్వు చూడు చాలు."

చాలాసేపు పట్టింది. జానెడు లోతున వంగ వేరు బయటపడింది. దాని మీద చిన్న ఉల్లిపాయంత బొడిపె. మల్లె కాడ పుట్టింది అందులోంచే.

"రెంటినీ విడదియ్యి."

మాలకొండయ్య కత్తి మొన ఆనించి చూశాడు. ఆ బొడిపె వేరుకు అంటుకుని లేదు, వేరులోకే దిగిపోయింది. వంగ నరం ఎక్కడ ఆగిందో, మల్లె నరం ఎక్కడ మొదలైందో తెలియలేదు. కత్తి ఇటు జరిపాడు, అటు జరిపాడు.

"కుదరదమ్మా. ఎక్కడ కోసినా వంగ వేరే తెగుతుంది."

"ఇది ఇక్కడికెలా వచ్చింది?"

"దీని విత్తనం నశ్యం పొడిలా ఉంటుందమ్మా, కంటికి ఆనదు. ఏళ్ళ తరబడి మట్టిలో పడుంటుంది. ఎన్ని వానలు కురిసినా ఊరికే మొలవదు."

"మరెప్పుడు మొలుస్తుంది?"

"వేరు దగ్గరికొచ్చినప్పుడు. వేరు నుంచి ఏదో ఊరుతుంది. అది సోకితేనే దీనికి మెలకువ."

"వేరు కావాలని పిలుస్తుందా?"

"దానికేం తెలుసమ్మా! దాని బతుకు అది బతుకుతుంటుంది. ఊరేది ఊరుతుంది."

ఓబులమ్మ గారు చేతుల మట్టి దులుపుకున్నారు. అతని ముఖం వంక చూడకుండా అడిగారు.

"నీ కొడుకు పోయి ఎన్నేళ్ళయింది నాయనా?"

"ఈ మాఘానికి నాలుగు."

"సింగరాజు వచ్చి?"

మాలకొండయ్య వేళ్ళ మీద లెక్కపెట్టబోయాడు. మధ్యలోనే ఆగాడు. వచ్చిన మొదటి రోజు భోజనం కాగానే సింగరాజు తన కంచం తీసుకుని బావి దగ్గరికి బయల్దేరాడు. వెనకాలే పరిగెత్తి, "నువ్వు కూర్చో, నేను కడుగుతా" అని ఆ కంచం లాక్కున్నది తనే. ఆ రోజు ఎంత సంతోషంగా కడిగాడో గుర్తొచ్చింది.

కత్తి కింద పెట్టాడు. లేవబోయాడు.

ఓబులమ్మ గారు పక్కన కాస్త మట్టి చదును చేశారు.

"కూర్చో నాయనా. అలిసిపోయావు."